రోజూ తిరిగే బండి: కర్రుమనే చైను, పడిపోయిన మైలేజీ, దొరకని న్యూట్రల్

నీలిట్యాంకు:
125 సీసీ బండి, ఎయిర్ కూల్డ్, ఫ్యూయల్ ఇంజెక్షన్. ముందు డిస్కు, వెనక డ్రమ్ము, 428 చైను. వాడకమంతా ఊళ్లోనే. పోను 6 కి.మీ., రాను 6 కి.మీ., దారి పొడుగునా సిగ్నళ్లే.

సమస్యలు మూడు. 30 దాటాక కింద నుంచి లయగా కర్ర్, కర్ర్ అని చప్పుడు. మైలేజీ బాగా తగ్గింది. సిగ్నల్ దగ్గర ఆగాక న్యూట్రల్ పడదు, క్లచ్ లివరు కూడా బరువెక్కింది. ఈ మధ్యే షాపులో చైను బిగించారు. ఆయిల్ మార్చడానికి ఇంకా 3,000 కి.మీ. ఉంది కాబట్టి సర్వీసుకు తొందర లేదనుకుంటున్నాను. ఈ మూడూ వేటికవేనా, లేక ఒకదాన్నించి ఒకటి వచ్చాయా?

చైన్‌స్ప్రాకెట్:
ముందు ఆ చప్పుడు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టండి. సగం సంగతి అక్కడే తేలుతుంది.

మీ సైజు బండికి వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 1.9 మీటర్లు పోతుంది. 30 వేగంలో సెకనుకు 8.3 మీటర్లు, అంటే చక్రం నాలుగు చుట్లకు కాస్త పైన. వెనక స్ప్రాకెట్ 42 పళ్లు, చైను 116 లింకులు అనుకుంటే, చైను ఒక్క చుట్టు పూర్తయ్యేలోపు చక్రం సుమారు 2.75 సార్లు తిరుగుతుంది. కాబట్టి చప్పుడు సెకనుకు ఒకటిన్నర సార్లు వస్తే చైనులో ఏదో ఒక చోట బిగుసు ఉన్నట్టు. నాలుగుసార్లు వస్తే చక్రంతో తిరిగేదే: డ్రమ్ము, బేరింగు, వంకర రిమ్ము. గేరు మార్చినా వేగం అదే ఉన్నంతవరకు ఈ లయ మారదు. మారితే ఇంజన్ వైపు చూడాలి.

మీ బండి పళ్ల సంఖ్య స్ప్రాకెట్ మీదే కొట్టి ఉంటుంది, లింకులు లెక్కపెట్టుకోండి.

పాతస్పానరు:
చైను బిగించాక మైలేజీ పడిందా, అంతకుముందే పడిందా? బిగించాకే అయితే వెనక బ్రేకు పట్టేసి ఉంటుంది. బండి మీద 5 కి.మీ. తిరిగి, వీలైనంత తక్కువ బ్రేకు వాడి, దిగగానే వెనక హబ్‌కి (చక్రం నడిమి భాగానికి) చెయ్యి దగ్గర పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే లోపలి బ్రేకు షూలు డ్రమ్మును రాసుకుంటున్నాయి.

చైను బిగించడమంటే చక్రాన్ని వెనక్కి జరపడం. డ్రమ్ము చక్రంతో పాటు వెనక్కి పోతుంది, పెడల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో ఉన్న రాడ్డు బిగుసుకుపోయి, కాలు పెట్టకుండానే బ్రేకు కొంచెం పడి ఉంటుంది. చైను ముట్టుకున్న ప్రతిసారీ వెనక బ్రేకు నట్టు కూడా సరిచెయ్యాలి. చాలా షాపుల్లో మరిచిపోయేది సరిగ్గా ఇదే. బ్రేకు లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉందేమో అది కూడా చూడండి.

టాపెట్_మాస్టారు:
నీలిట్యాంకు గారూ, ఆ 3,000 కి.మీ. లెక్క పక్కన పెట్టండి. మాన్యువల్లో కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా ఉంటాయి, ఏది ముందొస్తే అది. మీ వాడకానికి నెలలే ముందొస్తాయి.

ఎందుకంటే, లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది, కొంచెం మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఇంజన్ బాగా కాగితే అది ఆవిరై బ్రీదర్ గొట్టంలోంచి వెళ్లిపోతుంది. 6 కి.మీ. ప్రయాణంలో, అందులోనూ చలికాలం పొద్దున, ఆయిల్ పూర్తిగా కాగేలోపే బండి ఆపేస్తారు. నీళ్లు లోపలే ఉండిపోతాయి. చల్లని ఇంజన్‌కి ఇంజెక్షన్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది కాబట్టి అదీ కొంత ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ మూత విప్పితే లోపలి వైపు మీగడ రంగులో జిడ్డు కనిపిస్తే అర్థం అదే. ఇలాంటి వాడకానికి మీటరు ఎంత చూపించినా ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చమనే నా మాట. మాన్యువల్లో అంతకంటే తక్కువ గడువు ఉంటే అదే పాటించండి. వారానికి ఒకసారైనా అరగంట ఆగకుండా నడిపితే చాలా తడి పోతుంది.

మట్టం చూసే పద్ధతి: ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి, సెంటర్ స్టాండ్ మీద నిలువుగా పెట్టి చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూసిన మట్టం తప్పు. చాలా బండ్లకు డిప్‌స్టిక్ మరలో తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, మాన్యువల్ ఒకసారి చూసుకోండి. 125 సీసీలో ఉండేదే లీటరుకు అటూ ఇటూ. 200 మి.లీ. తగ్గిందంటే ఐదో వంతు పోయినట్టే. గీత దాటి పోయడం కూడా తప్పే. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

గేరుగోల:
ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని చిక్కదనం ఉంటే చాలదు, జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడాలి. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఇదే ఆయిల్లో మునిగి ఉంటాయి. కారు ఆయిళ్లలో ఇంధనం ఆదా కోసం జారుడు పెంచే మందులు కలుపుతారు, వాటితో ప్లేట్లు జారతాయి. జాసో టి903 ప్రమాణం 1998లో వచ్చిందే ఈ తేడా చెప్పడానికి. ఎంఏ1, ఎంఏ2 అని విడదీసింది 2006 సవరణలో. ఎంబీ అంటే క్లచ్ ఆయిల్లో ఉండని స్కూటర్ల కోసం. స్కూటరు డబ్బా తెచ్చి బండిలో పోయకండి.

నీలిట్యాంకు:
కొలిచాను.
చప్పుడు సెకనుకు ఒకటిన్నరకు దగ్గరగా ఉంది, గేరు మార్చినా అదే లయ.
చైను లూజు: ఒకచోట 12 మి.మీ., చక్రం తిప్పుతూ పోతే ఇంకోచోట 34 మి.మీ.
వెనక హబ్ బాగా వేడెక్కుతోంది. మైలేజీ పడింది చైను బిగించాకే.
క్లచ్ లివరు చివర ప్లే (పట్టు మొదలయ్యేలోపు ఊరికే కదిలే దూరం) 30 మి.మీ. దాకా ఉంది.
మూత కింద మీగడ జిడ్డు ఉంది.

చైన్‌స్ప్రాకెట్:
అంతా దొరికింది. ఒక్కొక్కటీ చెప్తాను, చైనుతో మొదలుపెడితే.

లూజు కొలిచేది కింది వరసలో, రెండు స్ప్రాకెట్ల నడిమధ్యన. వేలితో పైకి నొక్కినప్పుడు ఎక్కడిదాకా, కిందికి లాగినప్పుడు ఎక్కడిదాకా, ఈ రెంటి మధ్య దూరం లూజు. ఈ తరహా బండ్లకు 20 నుంచి 30 మి.మీ. మామూలు, అసలు అంకె మీ చైన్ కవరు మీదో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీదో స్టిక్కరుగా ఉంటుంది. సెంటర్ స్టాండ్ మీద కొలవాలా, సైడ్ స్టాండ్ మీదా అన్నది కూడా అందులోనే ఉంటుంది. అది మారితే అంకె మారుతుంది.

ఒకే చైనులో 12, 34 వచ్చాయంటే అది సమంగా అరగలేదు. కొన్ని లింకుల పిన్నులు అరిగి సాగాయి, కొన్ని తుప్పుపట్టి బిగుసుకున్నాయి. షాపులో 34 వచ్చిన చోట చూసి బిగించి ఉంటారు, బిగుసు చోటుకు అది మరీ ఎక్కువైంది. ఎప్పుడైనా సరే, చక్రం నెమ్మదిగా తిప్పుతూ అన్నింటికంటే బిగుసుగా ఉన్న చోటు వెతికి, అక్కడ కొలిచి సెట్ చెయ్యాలి. మరీ బిగిసిన చైను వదులు చైను కంటే ప్రమాదం. గుంటలో పడి వెనక షాకులు కుంగినప్పుడు ముందు స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ పివట్ (అది ఊగే కీలు), వెనక ఇరుసు ఒకే గీతలోకి వస్తాయి. చైనుకు అప్పుడు అన్నిటికంటే ఎక్కువ పొడవు కావాలి. అది లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బయటి బేరింగు మీద, ఆయిల్ సీలు మీద పడుతుంది. ముందు స్ప్రాకెట్ కవరు విప్పినప్పుడు లోపల ఆయిల్ చెమ్మ కనిపిస్తే సీలు మొదలైనట్టే.

అరుగుదల కొలత: 428 చైను పిచ్ (పక్కపక్క పిన్నుల నడిమి దూరం) అర అంగుళం, 12.7 మి.మీ. 20 పిచ్‌లు అంటే 21 పిన్నుల మధ్య, మొదటి పిన్ను నడిమి నుంచి చివరి పిన్ను నడిమి దాకా, కొత్త చైనుకు 254 మి.మీ. చైనును బిగలాగి కొలవాలి. 259 వచ్చిందంటే రెండు శాతం సాగింది, మార్చెయ్యాలి. ఓ-రింగ్ చైను అయితే అంతదాకా ఆగకూడదు. మాన్యువల్లో అంకె ఇస్తే అదే తుది మాట. మూడు నాలుగు చోట్ల కొలవండి, మీ చైనులో చోటుకో అంకె వస్తుంది.

టేపు లేకపోతే ఇంకో పద్ధతి. వెనక స్ప్రాకెట్‌కి అన్నిటికంటే వెనక ఉన్న లింకును పట్టి వెనక్కి లాగండి. పన్ను సగం బయటికి కనిపిస్తే ఆ చైను పని అయిపోయింది.

మార్చేటప్పుడు మూడూ కలిపి: చైను, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్. కొక్కెంలా వంగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే అది కూడా త్వరగా సాగుతుంది. ముందు స్ప్రాకెట్ 14 పళ్లు, వెనకది 42 అయితే ముందు పన్ను ఒక్కొక్కటీ మూడు రెట్లు ఎక్కువసార్లు చైనుతో కలుస్తుంది, అందుకే అదే ముందు అరుగుతుంది. వెనకది బాగానే ఉంది కదా అని ముందుది చూడకుండా వదిలెయ్యకండి.

క్లిప్పు ఉన్న చైను అయితే క్లిప్పు మూసిన వైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి. పై వరసలో చూస్తే బండి ముందు వైపుకి. తెరిచిన వైపు ముందుకుంటే ఏదైనా తగిలినప్పుడు ఊడిపోతుంది.

పాతస్పానరు:
అన్నీ ఒప్పుకుంటాను. ఒక్కటి కలుపుతున్నా, చైను కిట్టు మార్చేటప్పుడు హబ్‌లో కుదుపు మింగే రబ్బర్లు కూడా చూడండి. చక్రం కదలకుండా పట్టుకుని స్ప్రాకెట్‌ను ముందుకీ వెనక్కీ ఊపితే ఆడకూడదు. ఆడితే రబ్బర్లు నలిగిపోయాయి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు ఠక్కుమనే శబ్దం చాలామంది చైను లూజు అనుకుని ఇంకా బిగిస్తారు.

చైనుకు నూనె సంగతికొస్తే, స్ప్రేలే కావాలని లేదు. ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్ చాలు, అందరూ వాడేదే.

చైన్‌స్ప్రాకెట్:
అక్కడ మాత్రం ఒప్పుకోను స్పానరన్నా. పాత ఆయిల్లో లోహపు నలుసులు, మసి, ఆమ్లాలు ఉంటాయి. పిన్నుల మధ్యకు వాటినే పంపించి అరగకూడదంటే ఎలా? పైగా పలచన, గంటలోపే రిమ్ము మీదికి చిమ్ముతుంది. కొత్త గేర్ ఆయిల్, 80డబ్ల్యూ-90 లేదా 90, ఒక సీసా తెచ్చుకుంటే ఏడాది పైనే వస్తుంది. స్ప్రే వాడితే చిమ్ముడు తక్కువ, ధూళి పట్టడం ఎక్కువ. దుమ్ము దారుల్లో గేర్ ఆయిలే నాకు నచ్చుతుంది.

కడగడానికి కిరోసిన్, మెత్తని బ్రష్. పెట్రోలు వద్దు, ఇనుప బ్రష్ అసలే వద్దు. ఓ-రింగులు ఉబ్బి, చీలి, లోపలి గ్రీజు పోతుంది. ఆరాక నూనె. వెయ్యాల్సింది కింది వరస లోపలి వైపు, లింకు పలకలు కలిసే సందుల్లో. తిరిగేటప్పుడు దానంతట అదే బయటికి పాకుతుంది. బండి తిరిగి వచ్చి చైను వెచ్చగా ఉన్నప్పుడు రాత్రి వేసి, పొద్దున గుడ్డతో తుడిస్తే బాగా ఇంకుతుంది. 500 కి.మీ.కి ఒకసారి, వానలో తడిస్తే ఆ రోజే.

ఒక్కటి ఖచ్చితంగా గుర్తుంచుకోండి: ఇంజన్ ఆన్‌లో పెట్టి గేరులో చక్రం తిప్పుతూ నూనె వెయ్యకండి. గుడ్డ చైనులో చిక్కుకుంటే వేలు తియ్యడానికి టైము ఉండదు. చేత్తోనే తిప్పండి.

పాతస్పానరు:
సరే, గేర్ ఆయిల్‌కి ఓటు. పూర్తి కవరు ఉన్న చైనుకు మాత్రం ధూళి అంత పట్టదు, దానికి ఈ 500 లెక్క అంత గట్టిగా అక్కర్లేదు.

కేబుల్‌కిట్టు:
క్లచ్ విషయం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను.

లివరు చివర ప్లే 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. ప్లే అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు, ప్లేట్లు జారతాయి. ఎక్కువైతే పూర్తిగా విడవదు, న్యూట్రల్ పడదు, మొదటి గేరు వేస్తే బండి ముందుకు దూకుతుంది. మీది 30, కాబట్టి న్యూట్రల్ సమస్య అక్కడే.

అయితే వెంటనే నట్టు తిప్పి సరిచెయ్యకండి. లివరు బరువెక్కడం, ప్లే పెరగడం ఒకేసారి వచ్చాయంటే వైరు లోపల పోగులు తెగుతున్నట్టు అనుమానించాలి. ఒక్కో పోగు తెగేకొద్దీ మిగిలినవి సాగుతాయి, తెగిన కొసలు గొట్టం లోపల గీసుకుని బరువు తెస్తాయి. లివరు దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి తీసి, వైరు చివర లోహపు గుండు పక్కన చూడండి. ఎక్కువగా తెగేది అక్కడే. రెండో చోటు ఇంజన్ దగ్గర వంపు. ఒక్క పోగు లేచి కనిపించినా వైరు మార్చడమే, నూనె వేస్తే అతుక్కోదు.

పోగులు బాగుంటే వైరు ఎండిపోయిందన్నమాట. పై కొస విప్పి, ప్లాస్టిక్ సంచి మూల కత్తిరించి గరాటులా కట్టి, పలచటి నూనె పోసి, కింది కొస నుంచి బయటికి వచ్చేదాకా ఆగండి. లోపల నైలాన్ పూత ఉన్న వైర్లకు కొన్ని కంపెనీలు నూనె వద్దంటాయి, చూసుకోండి. లివరు బోల్టుకు కొంచెం గ్రీజు పెడితే వేలికి తేడా తెలుస్తుంది.

కొత్త వైరు వేసేటప్పుడు రెండు అడ్జస్టర్లుంటాయి. పెద్ద మార్పు ఇంజన్ దగ్గరిదానితో చేసి, లివరు దగ్గరిదాన్ని తరవాత వచ్చే చిన్న మార్పుల కోసం ఉంచుకోవాలి. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి ప్లే మారట్లేదని చూడండి. మారితే వైరు ఎక్కడో ఇరుక్కుంది.

న్యూట్రల్ గురించి చిన్న చిట్కా. ఆగిపోయాక వెతికే బదులు, బండి ఇంకా మెల్లగా దొర్లుతుండగానే రెండో గేరు నుంచి సగం నొక్కి న్యూట్రల్‌కి తెచ్చుకోండి. గేర్లు తిరుగుతున్నప్పుడు సులువుగా విడిపోతాయి. ఆగాక పడకపోతే క్లచ్ పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ కాస్త ఊపండి.

లీటరు_లెక్క:
మైలేజీ ఎంత పడిందో అంకె చెప్పలేదు. మీటరులో కనిపించే సగటు మీద ఆధారపడకండి. ట్యాంకు నింపి ట్రిప్ మీటరు సున్నా చెయ్యండి, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగించండి. రెండుసార్లూ బండి ఒకేలా నిలబడాలి, పెట్రోలు ఒకే గుర్తు దాకా రావాలి. సగం ట్యాంకుతో చేస్తే తప్పు ఎక్కువ. మూడు ట్యాంకుల సగటు తీస్తేనే నమ్మదగ్గ అంకె.

మీ విషయంలో కారణం బ్రేకే అనిపిస్తోంది. ఖాయం చేసుకోవాలంటే, సెంటర్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి ఎంతసేపు తిరుగుతుందో చూడండి. తర్వాత బ్రేకు రాడ్డు నట్టు పూర్తిగా వదులు చేసి మళ్లీ అదే బలంతో తిప్పండి. చైను, గేర్‌బాక్స్ ఆయిల్ లాగుడు రెండుసార్లూ ఒకటే కాబట్టి తేడా అంతా బ్రేకుదే. చూడటం అయ్యాక నట్టు బిగించకుండా రోడ్డెక్కకండి. ముందు చక్రానిదీ చూడండి. డిస్కు కొంచెం సుయ్యిమనడం మామూలే, ఆపేసేంత పట్టు ఉండకూడదు.

రెండో అనుమానం టైర్లు. గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, అంటే బండి మూడు గంటలైనా ఆగి ఉండాలి. 10 డిగ్రీల ఉష్ణోగ్రత మారితే సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుంది. ఎండాకాలం పెట్టించిన గాలి చలికాలానికి తగ్గిపోయేది అందుకే. తిరిగొచ్చిన వేడి టైరులో రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తే తీసేయకండి, చల్లారాక తక్కువవుతుంది. వెనక ఇంకొకర్ని ఎక్కించుకుంటే వెనక టైరుకు వేరే అంకె ఉంటుంది, స్టిక్కరులో రెండు వరసలుంటాయి.

టాపెట్_మాస్టారు:
బ్రేకు, గాలి సరిచేశాక కూడా మైలేజీ రాకపోతేనే ఇంజన్ వైపు రండి. ముందు ఎయిర్ ఫిల్టర్. పొడి కాగితపు ఫిల్టర్ అయితే లోపలి నుంచి బయటికి గాలి కొట్టొచ్చు. నూనె పట్టించిన కాగితం అయితే గాలి కొట్టకూడదు, కడగకూడదు, గడువుకు మార్చడమే. దాన్ని కొట్టి శుభ్రం చేశామని చెప్పే చోట ఫిల్టర్ మీ ముందే విప్పి చూపించమనండి. స్పాంజిది కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, నూనె తడిపి, పిండి పెట్టాలి.

ప్లగ్గు విప్పితే కొస లేత గోధుమ రంగులో ఉండాలి. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది లేదా ఇంజన్ కాగకుండానే ఆపుతున్నారు. మీ వాడకంలో కొంచెం మసి సహజం, అది చూసి ఇంజెక్షన్ మీద పడకండి. కొత్త ప్లగ్గును చేత్తో ఆఖరిదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు. పాతదే మళ్లీ పెడితే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది, చేత్తో ఆనాక చుట్టులో ఎనిమిదో వంతు చాలు. అల్యూమినియం హెడ్‌లో మర పోతే చిన్న పని పెద్దదవుతుంది.

టాపెట్ల (వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు) గురించి జనంలో తిరగేసిన నమ్మకం ఒకటుంది. చప్పుడు లేకపోతే బాగున్నట్టు అని. సందు తగ్గిపోయిన వాల్వు చప్పుడు చెయ్యదు. అది పూర్తిగా మూసుకోదు, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. పొద్దున స్టార్ట్ కష్టం, ఐడిల్ ఎగుడుదిగుడు, పికప్ తగ్గడం దాని గుర్తులు. కొంచెం టిక్‌టిక్ ఉన్నా పరవాలేదు. సందు చూసేది ఇంజన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా ఆగిన బండికి, పిస్టన్ కంప్రెషన్ మీద పైకొచ్చినప్పుడు. రెండు రాకర్లూ వదులుగా కదలాలి. ఒకటి బిగుసుగా ఉంటే చాలామటుకు ఇంజన్ ఒక చుట్టు అటో ఇటో తప్పినట్టు.

వానాకాలం:
వెనక డ్రమ్ము ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి మరో రెండు చూడండి. బ్రేకు క్యామ్ పిన్నుకు సన్నగా గ్రీజు రాయాలి, షూల మీద ఒక్క చుక్క పడకూడదు. అది ఎండి తుప్పుపడితే పెడల్ వదిలినా షూలు వెనక్కి రావు, నట్టు ఎంత వదులు చేసినా పట్టేసే ఉంటుంది. డ్రమ్ము పక్కన బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది గీత దాటితే షూలు మార్చే టైము.

పెడల్ ప్లే 20 నుంచి 30 మి.మీ. పెట్టుకోండి. తర్వాత బ్రేకు లైటు స్విచ్ సరిచెయ్యాలి. తిప్పాల్సింది దాని నట్టును, స్విచ్‌ను తిప్పితే వైర్లు మెలిపడి తెగుతాయి.

ముందు డిస్కుకు బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి. కిలోమీటర్లతో సంబంధం లేదు, గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోతుంది. మరిగితే బుడగలొస్తాయి, లివరు మెత్తబడుతుంది. డాట్ 5 సిలికాన్‌ది, మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది వేరు, డాట్ 4 జాతిదే.

వాన మొదలైన మొదటి పదిహేను నిమిషాలు రోడ్డు మీది నూనె, ధూళి తేలి అన్నిటికంటే జారుడుగా ఉంటుంది. తెల్ల గీతలు, ఇనుప మూతలు ఆ తర్వాత కూడా జారతాయి. లెక్కలో చెప్పాలంటే 50 వేగంలో సెకనుకు దాదాపు 14 మీటర్లు. బ్రేకు నొక్కాలని తోచి చెయ్యి కదిలేలోపే 14 పోతాయి. పొడి రోడ్డు మీద బాగా బ్రేకు కొడితే ఇంకో 14, తడి రోడ్డు మీద పట్టు తగ్గితే 25 దాకా. డిస్కు మీద నీటి పొర ఉంటే మొదటి నొక్కుకు పట్టు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి సిగ్నల్ కనిపించగానే ఒకసారి తేలికగా నొక్కి ఆరబెట్టుకోండి.

సీటువెనక:
అందరూ ఉన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. రోజూ ల్యాప్‌టాప్, బాక్సు, కూరగాయలు. వెనక టాప్ బాక్సు పెట్టించుకోవచ్చా?

లీటరు_లెక్క:
పెట్టుకోవచ్చు, బరువు తక్కువలో ఉంచితే. వెనక క్యారియర్ మీద ఎంత మోయొచ్చో దాని మీదే ఉంటుంది, చాలా చిన్న బండ్లకు 3 నుంచి 5 కిలోలు, బాక్సు బరువు కూడా అందులోనే. ఇరుసుకు వెనక, ఎత్తులో పెట్టిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. 60 దాటాక హ్యాండిల్ వణికితే అదే కారణం. బరువైనవి సీటు పక్క సంచుల్లో, రెండు వైపులా సమంగా, వీలైనంత కిందికి. సంచి పట్టీలు చక్రం, చైను వైపు వేలాడకుండా కట్టండి. బండి మొత్తం మోత అంకెలో మీ బరువు కూడా కలిసే ఉంటుందని మరవొద్దు.

గేరుగోల:
చిన్న ప్రయాణాల బండికి బ్యాటరీ కూడా ఒక గండం. స్టార్టర్ లాగింది తిరిగి నింపేంతసేపు ఇంజన్ నడవదు. రాత్రంతా ఆగిన బండికి మీటరు పెడితే 12.6 వోల్టుల పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12 దగ్గర ఖాళీ. ఇంజన్ వేగం పెంచినప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీ కొనకండి, ముందు టెర్మినళ్లు, రెగ్యులేటర్, కాయిల్ చూపించండి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, బల్బులు కూడా వరసగా మాడతాయి.

నీలిట్యాంకు:
లివరు దగ్గర రెండు పోగులు తెగి ఉన్నాయి. చైను నాలుగు చోట్ల కొలిస్తే 257, 260, 258, 261. రాడ్డు నట్టు వదులు చేశాక చక్రం బాగా ఎక్కువసేపు తిరిగింది. క్లచ్ వైరు, చైను కిట్టు, ఆయిల్, వెనక షూల తనిఖీ, ఇదే వరసలో చేయించాలనుకుంటున్నాను. సరేనా?

పాతస్పానరు:
వరస కొంచెం మార్చండి. వైరు ఇవాళే, దారిలో తెగితే ట్రాఫిక్ మధ్యలో ఇరుక్కుంటారు. చైను కిట్టుకు చక్రం ఎలాగూ బయటికి వస్తుంది, షూలు, క్యామ్, హబ్ రబ్బర్లు అప్పుడే చూసేయండి, రెండుసార్లు విప్పనక్కర్లేదు. ఆయిల్ ఎప్పుడైనా ఈ వారంలో, ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు దించితే మొత్తం కారుతుంది.

చైన్‌స్ప్రాకెట్:
బిగించే దగ్గర నిలబడి చూసుకోవాల్సినవి. రెండు వైపులా అడ్జస్టర్లు సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పి ప్రతిసారీ లూజు కొలవాలి. ఇరుసు అర మిల్లీమీటరు జరిగినా లూజు చాలా మారుతుంది. స్వింగ్‌ఆర్మ్ మీది గీతలు అన్ని బండ్లలోనూ ఖచ్చితంగా ఉండవు, అనుమానముంటే పివట్ నడిమి నుంచి ఇరుసు నడిమి దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. ఇరుసు నట్టు బిగించే ముందు చైనుకూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య గుడ్డ మడత పెట్టి చక్రాన్ని కొంచెం తిప్పితే ఇరుసు అడ్జస్టర్లకు ఆనుకుంటుంది, బిగించేటప్పుడు జరగదు. గుడ్డ తీశాక మళ్లీ లూజు కొలత, ఆ తర్వాత బ్రేకు నట్టు, లైటు స్విచ్.

కొత్త చైను మొదట్లో కొంచెం సాగుతుంది, 500 కి.మీ. తర్వాత మళ్లీ చూడండి.

నీలిట్యాంకు:
ఇరుసు నట్టుకు ఉన్న స్ప్లిట్ పిన్ను పాతదే మళ్లీ పెట్టొచ్చా? షాపులో చాలాసార్లు అలాగే పెడుతున్నారు.

చైన్‌స్ప్రాకెట్:
వద్దు. ఒకసారి వంచి తీసిన పిన్ను వంగిన చోటే విరుగుతుంది. సైజు చూసుకుని కొత్తది తీసుకోండి. నట్టు గాడి, ఇరుసు రంధ్రం కలవకపోతే నట్టును వదులు చేసి కలపకండి, మాన్యువల్లో ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) వచ్చాక కొంచెం ముందుకు బిగించి కలపాలి.